క్రాన్ స్క్రిప్ట్ డబుల్ నడవకుండా ఫైల్ లాక్ ఎట్ల వెయ్యాలె: ఫ్లాక్, ఎఫ్‌డీలు, సీరియల్ పోర్టులు, పెన్‌డ్రైవ్‌లు

"అన్నా, ఐదు నిమిషాలకోసారి నడిచే స్క్రిప్ట్ ఒక్కోసారి రెండు కాపీలు నడుస్తుంది, ఫైల్ల లైన్లు డబుల్ పడుతున్నయ్, ఏం చెయ్యాలె?" అని అడిగేటోళ్లు మస్తు మంది. దీనికి ఫ్లాక్ (ఫైల్‌కు లాక్ వేసే లైనక్స్ కమాండ్) వాడమని చెప్తే ఇంకో వారానికి రెండో ప్రశ్న వస్తది, "లాక్ వేసిన అన్నా, అయినా రెండోది నడుస్తనే ఉంది" అని. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క లైన్, రెండోదానికి మాత్రం జర ఎక్కువ చెప్పాలె, అందుకే ఒక్కసారి మొత్తం రాసి పెడుతున్న, ఇగ ఎవరు అడిగినా ఇదే పంపుత.

కమాండ్లు, పైథాన్ లైన్లు అన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లనే ఉన్నయ్, టెర్మినల్ల కొట్టేటప్పుడు మామూలు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తోనే కొట్టండి.

ఉదాహరణకు ఇట్ల అనుకుందాం. ఎనుమాముల మార్కెట్ల మిర్చి ధరలు, తేజ ఎంత, వండర్ హాట్ ఎంత, చపాటా ఎంత అని నెట్ నుంచి తెచ్చి ధరలు.సీఎస్‌వీ అనే ఫైల్ల చేర్చే చిన్న పైథాన్ స్క్రిప్ట్ మీ దగ్గర ఉంది. క్రాన్ (పెట్టిన టైమ్‌కు ప్రోగ్రాములను నడిపే లైనక్స్ సర్వీస్) ఐదు నిమిషాలకోసారి దాన్ని లేపుతది. నెట్ స్లో ఉన్న రోజు మొదటి కాపీ ఐదు నిమిషాలైనా అయిపోదు, రెండోది మొదలైతది, రెండూ ఒకటే ఫైల్ల రాస్తయ్, ఆగమాగం.

కావాల్సినవి

- లైనక్స్ మెషీన్. ఉబుంటు, డెబియన్, ఫెడోరా ఏదైనా సరే. ఫ్లాక్, ఎల్‌ఎస్‌లాక్స్ (పడ్డ లాకుల లిస్ట్ చూపేది) అనే రెండు కమాండ్లు యుటిల్-లైనక్స్ ప్యాకేజీతో వస్తయ్, దాదాపు అన్నింట్ల ముందే ఉంటయ్.
- పైథాన్ 3. ఏడో స్టెప్‌ల టెస్టుకు మాత్రం 3.10 లేదా పైది కావాలె.
- పక్కపక్కన రెండు టెర్మినల్లు. ఒక్క టెర్మినల్‌తో లాక్ టెస్ట్ చేసుడు అయ్యే పని కాదు.
- ఆరో స్టెప్ చేస్తా అంటే ఏం డేటా లేని ఖాళీ పెన్‌డ్రైవ్. పెండ్లి ఫొటోలున్నది పెట్టకండి.

ముందు ఇంత తెలుస్తే చాలు

మేడారం జాతరప్పుడు హన్మకొండ బస్టాండ్ల బస్సు ఆగకముందే కిటికీల నుంచి సీటు మీద దస్తీ ఏస్తరు కదా, ఫ్లాక్ వేసే అడ్వైజరీ లాక్ అంటే గదే. దస్తీ చూసి ఆగేటోడు ఆగుతడు, పక్కకు జరిపి కూసునేటోన్ని దస్తీ ఆపలేదు. అట్లనే ఇక్కడ కూడా లాక్ అడిగే ప్రోగ్రాములనే కెర్నల్ (లైనక్స్ నడిమి అసలు భాగం) ఆపుతది, అడగకుండ నేరుగ ఫైల్ తెరిచి రాసే ప్రోగ్రాముకు ఏ అడ్డూ ఉండదు. గట్టిగా ఆపే మ్యాండేటరీ లాక్ ఒకప్పుడు లైనక్స్‌ల ఉండే, ఎవరూ నమ్మకంగ వాడలేదు, 2021ల వచ్చిన 5.15 కెర్నల్‌ల దాన్ని తీసేసిన్రు. కాబట్టి ఫైల్‌ను ముట్టుకునే ప్రతి ప్రోగ్రామూ అదే లాక్ అడగాలె, లేకపోతే లాభం లేదు.

ఇంకో ముక్క, ఇది జర పట్టించుకోని చదవండి. మీరు ఫైల్ తెరిస్తే మీకు ఒక నంబర్ వస్తది, అది ఫైల్ డిస్క్రిప్టర్, అంటే ఎఫ్‌డీ. దాని ఎనక కెర్నల్‌ల "ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్" అని ఒక వస్తువు ఉంటది, దాని ఎనక ఐనోడ్, అంటే పేరుతోని సంబంధం లేకుండ అసలు ఫైల్‌ను గుర్తుపట్టే రికార్డ్ ఉంటది. ఫ్లాక్ వేసే లాక్‌కు ఓనర్ ఆ నడిమి వస్తువు, లాక్ పడేది ఐనోడ్ మీద. ఫైల్ పేరుకు దాంతోని సంబంధం లేదు, మీ ప్రాసెస్‌కు కూడా నేరుగ సంబంధం లేదు. "లాక్ పనిచేస్తలేదు" అని వచ్చే కంప్లైంట్లల్ల ముప్పావు వంతు ఇక్కడ పుట్టినవే.

స్టెప్ 1: లాక్ ఫైల్ ఏడ పెట్టాలె

డేటా ఫైల్ మీదనే లాక్ వెయ్యకండి, పక్కన ఒక ఖాళీ ఫైల్ పెట్టుకోండి. ఎందుకంటే చాలా ప్రోగ్రాములు ఫైల్ మార్చేటప్పుడు కొత్త టెంపరరీ ఫైల్ రాసి పాతదాని పేరు మీదికి రీనేమ్ చేస్తయ్. పేరు అదే కనిపిస్తది గని ఐనోడ్ మారిపోతది. మీ లాక్ పాత ఐనోడ్ మీద ఉండిపోతది, తర్వాత వచ్చినోడు కొత్త ఐనోడ్ మీద లాక్ తీసుకుంటడు, ఇద్దరికీ దొరుకుతది.

ఎక్కడ పెట్టాలె అంటే, మీ సొంత స్క్రిప్ట్ అయితే హోమ్‌ల ఒక ఫోల్డర్ చాలు:

ఎంకేడిర్ -పీ ~/తాళాలు

(ఫోల్డర్ పేరు ఏదైనా పెట్టుకోండి.) రూట్ కింద నడిచే సర్వీస్ అయితే /రన్ కింద దాని సొంత ఫోల్డర్ పెట్టండి.

/టీఎంపీ ఎందుకు వద్దు అంటే, కెర్నల్ 4.19 నుంచి ఎఫ్‌ఎస్.ప్రొటెక్టెడ్_రెగ్యులర్ అని ఒక సెట్టింగ్ ఉంది, ఇప్పుడు చాలా డిస్ట్రోల్ల ఆన్‌ల ఉంటది. అందరూ రాయగలిగే స్టిక్కీ ఫోల్డర్‌ల (ఎవరి ఫైల్‌ను వాళ్లే తీసెయ్యగలిగే ఫోల్డర్) వేరే యూజర్ చేసిన ఫైల్‌ను "లేకపోతే సృష్టించు" అనే ఫ్లాగ్‌తో తెరిస్తే పర్మిషన్ డినైడ్ అంటది, రూట్‌కు కూడా. ఫ్లాక్ కమాండ్ తెరిచేది ఆ ఫ్లాగ్‌తోనే. ముందుగాల మామూలు యూజర్‌తోని టెస్ట్ చేసి, తర్వాత సుడో పెట్టి నడిపి, "రూట్‌కే పర్మిషన్ లేదంటది ఏంది" అని పరేషాన్ అయ్యేటోళ్ల కథ ఇదే. ఉబుంటుల /రన్/లాక్ కూడా అందరూ రాయగలిగే స్టిక్కీ ఫోల్డరే, అక్కడా ఇదే లొల్లి రావచ్చు.

/రన్/యూజర్ కింద ఉండే మీ ఫోల్డర్ కూడా క్రాన్‌కు పనికిరాదు, మీరు లాగౌట్ అయితే అది మాయమైతది.

స్టెప్ 2: ఒక్క లైన్ పద్ధతి

చాలామందికి ఇది చాలు, ఇక్కడనే ఆగిపోవచ్చు. క్రాన్‌టాబ్‌ల (క్రాన్ చదివే పనుల లిస్ట్) ఇట్ల రాయండి:

*/5 * * * * ఫ్లాక్ --నాన్‌బ్లాక్ /హోమ్/మీపేరు/తాళాలు/ధరలు.లాక్ పైథాన్3 /హోమ్/మీపేరు/ధరలు.పీవై

లాక్ ఫైల్ లేకపోతే ఫ్లాక్ కమాండే చేసుకుంటది. లాక్ దొరికితే స్క్రిప్ట్ నడుపుతది, దొరకకపోతే సప్పుడు చెయ్యకుండ వెళ్లిపోతది.

--నాన్‌బ్లాక్ మర్చిపోవద్దు. అది లేకపోతే రెండో కాపీ లాక్ కోసం లైన్ల నిలబడతది, ఐదు నిమిషాలకు మూడోది వచ్చి దాని ఎనక నిలబడతది, మొదటిది ఏదో కారణానికి ఇరుక్కుపోయిందంటే పొద్దుగాల చూసేవరకు వందల ప్రాసెస్‌లు క్యూల ఉంటయ్. కొద్దిసేపు ఆగినా పర్వాలేదు అనుకుంటే --టైమ్‌అవుట్ 20 అని పెట్టండి, 20 సెకన్లు చూసి పోతది.

ఇప్పుడు చెక్ చెయ్యండి. మొదటి టెర్మినల్‌ల:

ఫ్లాక్ --నాన్‌బ్లాక్ ~/తాళాలు/ధరలు.లాక్ స్లీప్ 60

రెండోదాంట్ల వెంటనే:

ఫ్లాక్ --నాన్‌బ్లాక్ ~/తాళాలు/ధరలు.లాక్ ఎకో దొరికింది
ఎకో $?

"దొరికింది" అని రావద్దు, కింద 1 రావాలె. 60 సెకన్లు అయినంక మళ్లా కొట్టండి, అప్పుడు దొరకాలె. ఏం మెసేజ్ రాకపోతే గాబరా పడకండి, దాని పద్ధతే అంత, మాట కావాలంటే --వెర్బోస్ పెట్టండి.

ఒక చిక్కు ఉంది. లాక్ దొరకకపోయినా ఎగ్జిట్ కోడ్ 1, మీ స్క్రిప్ట్ ఎర్రర్‌తోని పడిపోయినా చాలాసార్లు 1. రెండింటికీ తేడా తెలవాలంటే --కాన్‌ఫ్లిక్ట్-ఎగ్జిట్-కోడ్ 75 అని చేర్చండి. అప్పుడు 75 అంటే "ఇంకొకటి నడుస్తుంది", సున్నా కాకుండ వేరేది ఏదొచ్చినా నిజమైన ఎర్రర్. ఇది ముందే పెట్టుకుంటే తర్వాత లాగ్ చదివేటప్పుడు తల నొప్పి ఉండదు.

స్టెప్ 3: బాష్ స్క్రిప్ట్ లోపల లాక్

స్క్రిప్ట్‌ను క్రాన్ కాకుండ చేత్తో కూడా నడుపుతరు, అందరూ ఫ్లాక్ ముందల పెట్టి నడుపుతరని గ్యారంటీ లేదు అనుకుంటే లాక్ లోపలనే పెట్టండి, పైన రెండు లైన్లు:

ఎగ్జెక్ 9>>/హోమ్/మీపేరు/తాళాలు/ధరలు.లాక్
ఫ్లాక్ --నాన్‌బ్లాక్ 9 || ఎగ్జిట్ 75

9 అనేది ఎఫ్‌డీ నంబర్. స్క్రిప్ట్ అయిపోతే షెల్ చస్తది, ఎఫ్‌డీ మూసుకుంటది, లాక్ అదే పోతది, విప్పే లైన్ రాసే అవసరమే లేదు.

ఇక్కడ మూడు తప్పులు మళ్లీమళ్లీ కనిపిస్తయ్.

ఒకటి, నెట్ల దొరికే ఉదాహరణల్ల ఒక్క > గుర్తే ఉంటది. ఖాళీ లాక్ ఫైల్‌కు ఏం కాదు గని, ఎవరైనా డేటా ఫైల్ మీదనే అట్ల పెట్టిండంటే ఖతం. షెల్ ఫైల్‌ను తెరుస్తనే మొత్తం ఖాళీ చేస్తది, లాక్ అడిగేది ఆ తర్వాత, అంటే లాక్ దొరకని కాపీ కూడా డేటాను తుడిచి మరీ పోతది. రెండు >> అలవాటు చేసుకుంటే ఈ భయం ఉండదు.

రెండు, స్క్రిప్ట్ చివర్ల ఆర్ఎం కొట్టి లాక్ ఫైల్ తీసేసుడు. నీట్‌గా ఉంటదని చేస్తరు, చెడగొట్టేది అదే. మొదటోడు లాక్ పట్టుకోని ఉన్నడు, రెండోడు అదే ఫైల్ తెరిచి ఎదురు చూస్తున్నడు. మొదటోడు ఫైల్ డిలీట్ చేసి పోయిండు. రెండోనికి లాక్ దొరికింది, గని పేరు లేని పాత ఐనోడ్ మీద. ఇంతల మూడోడు వచ్చి అదే పేరుతోని కొత్త ఫైల్ చేసి దాని మీద లాక్ తీసుకున్నడు. ఇద్దరూ నాదే అనుకోని పని మొదలుపెడతరు. లాక్ ఫైల్ సున్నా బైట్లు ఉంటది, ఉండనియ్యండి, అది ఏం తినదు. తీసే తీరాలె అంటే లాక్ దొరికినంక మీ చేతిల ఉన్న ఎఫ్‌డీ ఐనోడూ, ఆ పేరు మీద ఇప్పుడున్న ఐనోడూ ఒకటేనా అని పోల్చి, కాకపోతే మళ్లా మొదటి నుంచి తెరవాలె. ఇంత కష్టం ఎందుకు.

మూడోది అసలు కనిపించని తప్పు. స్క్రిప్ట్ మధ్యల ఏదో సర్వర్‌ను, లేకపోతే & పెట్టి బ్యాక్‌గ్రౌండ్ పనిని లేపుతరు. ఆ పిల్ల ప్రాసెస్‌కు కూడా 9 నంబర్ ఎఫ్‌డీ వారసత్వంగ పోతది, ఎనక ఉన్న ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్ మాత్రం ఒక్కటే. మీ స్క్రిప్ట్ అయిపోయినా పిల్ల బతికున్నంత సేపు లాక్ పడే ఉంటది, రేపు క్రాన్ ఎన్నిసార్లు లేపినా 75 కొట్టి పోతది. బ్యాక్‌గ్రౌండ్‌కు పంపే లైన్ చివర 9>&- అని పెట్టండి, ఆ ప్రాసెస్‌కు 9 పోదు:

నా_సర్వర్ 9>&- &

ఒక్క లైన్ పద్ధతిల అయితే ఫ్లాక్‌కు --క్లోజ్ అని ఇస్తే అదే పని. దానికి ఇంకో ధర ఉంది, ఎనిమిదో స్టెప్‌ల చూద్దాం.

స్టెప్ 4: పైథాన్‌ల

ఇంపోర్ట్ ఎఫ్‌సీఎన్‌టీఎల్, సిస్
లాక్‌ఫైల్ = ఓపెన్("/హోమ్/మీపేరు/తాళాలు/ధరలు.లాక్", "ఏ")
ట్రై:
    ఎఫ్‌సీఎన్‌టీఎల్.ఫ్లాక్(లాక్‌ఫైల్, ఎఫ్‌సీఎన్‌టీఎల్.లాక్_ఈఎక్స్ | ఎఫ్‌సీఎన్‌టీఎల్.లాక్_ఎన్‌బీ)
ఎక్సెప్ట్ బ్లాకింగ్‌ఐఓఎర్రర్:
    సిస్.ఎగ్జిట్(75)

మోడ్ "ఏ", అంటే అపెండ్. "డబ్ల్యూ" పెడితే పైన చెప్పిన తుడుపుడు కథే.

ఓపెన్ చేసిన ఫైల్‌ను ఒక వేరియబుల్‌ల పెట్టి ప్రోగ్రాం అయ్యేదాక పట్టుకోవాలె. కొందరు లైన్లు తక్కువ చేద్దామని ఫ్లాక్ బ్రాకెట్ల లోపలనే ఓపెన్ రాస్తరు. లాక్ పడతది, ఆ లైన్ దాటంగనే ఫైల్ ఆబ్జెక్ట్‌ను పట్టుకున్నోడు ఎవడూ లేడని పైథాన్ దాన్ని మూసేస్తది, లాక్ పోతది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కనిపించదు, టెస్ట్‌ల కూడా ఒక్క కాపీ నడిపితే అంతా బాగనే ఉంటది. ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్‌ల పెట్టి ఆ ఫంక్షన్ నుంచి బయటకు వచ్చినా ఇదే జరుగుతది.

ఇంకోటి, లాక్ తీసుకోని, రైట్ చేసి, వెంటనే లాక్_యూఎన్ (లాక్ విప్పేది) పిలిచేటోళ్లు ఉంటరు. రైట్ చేసింది ఇంకా పైథాన్ బఫర్‌లనే ఉంటది, లాక్ విప్పినంక ఎప్పుడో ఫైల్ మూసేటప్పుడు డిస్క్ దిక్కు పోతది. అంటే అసలు రాత లాక్ బయట జరిగింది. విప్పే ముందు ఫ్లష్ పిలవండి. నన్నడిగితే విప్పుడు లైనే రాయకండి, డేటా ఫైల్‌ను ముందు మూసి, తర్వాత లాక్ ఫైల్ మూస్తే వరుస అదే సరిపోతది.

చదివేటోళ్లు చాలామంది, రాసేటోడు ఒక్కడు అయితే చదివేటోళ్లకు లాక్_ఎస్‌హెచ్ (షేర్డ్, చాలామంది కలిసి పట్టుకునేది), రాసేటోనికి లాక్_ఈఎక్స్ (ఒక్కడే పట్టుకునేది). ఎస్‌హెచ్ పట్టుకోని చదివి, అదే ఎఫ్‌డీ మీద ఈఎక్స్ అడిగితే అది ఒక్క దెబ్బల మారదు, ముందు ఎస్‌హెచ్ పోతది, తర్వాత ఈఎక్స్ వస్తది, మధ్యల ఇంకొకడు దూరి రాసిపోవచ్చు. ఈఎక్స్ దొరికినంక మళ్లా చదవాలె. లేదంటే మొదట్నుంచే ఈఎక్స్ తీసుకోండి.

అదే మాడ్యూల్‌ల లాక్‌ఎఫ్ అనే ఫంక్షన్ కూడా ఉంది. పేరు చూసి రెండూ ఒకటే అనుకోవద్దు, అది వేసేది పోసిక్స్ లాక్, అంటే ఐదో స్టెప్‌ల చెప్పే వేరే పాత రకం. మామూలు డిస్క్ మీద ఫ్లాక్ లాకూ పోసిక్స్ లాకూ ఒకదాన్ని ఒకటి చూడవు. బాష్ స్క్రిప్ట్‌ల ఫ్లాక్, పైథాన్‌ల లాక్‌ఎఫ్ పెట్టి రెండూ ఒకేసారి లోపలికి పోయినయ్ అంటే ఆశ్చర్యం ఏం లేదు.

స్టెప్ 5: ఫ్లాక్ సరిపోనప్పుడు

ఫైల్ల ఒక ముక్కనే లాక్ చెయ్యాలె అంటే ఫ్లాక్‌తోని కాదు, ఎఫ్‌సీఎన్‌టీఎల్ కాల్ కావాలె. దాంట్ల పాత పోసిక్స్ లాక్ ఒకటి, కెర్నల్ 3.15, అంటే 2014ల వచ్చిన ఓఎఫ్‌డీ లాక్ (ఫ్లాక్ లాగనే ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్ ఓనర్‌గ ఉండేది) ఒకటి.

పోసిక్స్ లాక్‌కు ఓనర్ ప్రాసెస్. దాని ఘోరమైన గుణం ఏందంటే, మీ ప్రాసెస్‌ల ఏ మూలనైనా, ఏ లైబ్రరీ అయినా, అదే ఫైల్‌ను ఇంకోసారి తెరిచి మూసిందంటే ఆ ప్రాసెస్‌కు ఆ ఫైల్ మీదున్న లాకులన్నీ పోతయ్, వేరే ఎఫ్‌డీతోని తీసుకున్నవి కూడా. ఎస్‌క్యూలైట్ వాడేది ఈ లాకులే. అందుకే డేటాబేస్ ఓపెన్‌ల ఉన్నప్పుడు అదే ప్రోగ్రాం నుంచి ఆ డీబీ ఫైల్‌ను మామూలు ఓపెన్‌తోని తెరిచి కాపీ కొట్టి మూసుడు ప్రమాదం, బ్యాకప్‌కు దాని సొంత బ్యాకప్ కమాండ్ వాడండి. ఒకే ప్రాసెస్‌ల ఉన్న రెండు థ్రెడ్లను కూడా పోసిక్స్ లాక్ ఆపదు.

సీ భాషల కొత్తగా రాస్తున్నరంటే ఓఎఫ్‌డీ రకమే తీసుకోండి: ఎఫ్_ఓఎఫ్‌డీ_సెట్‌ఎల్‌కే. పైన _జీఎన్‌యూ_సోర్స్ డిఫైన్ చెయ్యాలె, స్ట్రక్చర్‌ల ఎల్_పిడ్ సున్నా ఉండాలె, సున్నా కాకపోతే ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్ అంటది. డెడ్‌లాక్ పడితే పోసిక్స్ రకం పట్టుకుంటది, ఇది పట్టుకోదు, ఆ జాగ్రత్త మీదే. థ్రెడ్‌కు ఒకటి చొప్పున వేరేవేరేగా ఓపెన్ చేస్తే థ్రెడ్ల మధ్య కూడా పనిచేస్తది.

ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద వేరే మెషీన్ డిస్క్ వాడుకునే పద్ధతి) మీద ఉన్న ఫైల్ అయితే, కెర్నల్ 2.6.12 నుంచి ఫ్లాక్‌ను లోపల మొత్తం ఫైల్ మీద పోసిక్స్ లాక్ లాగ మారుస్తది. దాంతోని ఈఎక్స్ లాక్ కావాలంటే ఫైల్‌ను రాసే మోడ్‌ల తెరవాల్సిందే. ల్యాబ్‌ల హోమ్ ఫోల్డర్లు ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఉండే కాలేజీ పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి, ఇంట్ల ల్యాప్‌టాప్‌ల పనిచేసింది అక్కడ బ్యాడ్ ఫైల్ డిస్క్రిప్టర్ అన్నదంటే కారణం ఇదే అయ్యే ఛాన్స్ ఎక్కువ.

స్టెప్ 6: డివైస్‌లకు లాక్

లాక్ ఐనోడ్ మీద కాబట్టి /డెవ్ కింద ఉన్నవాటికి కూడా వెయ్యొచ్చు.

సీరియల్ పోర్ట్: జిన్నింగ్ మిల్లుల, రైస్ మిల్లుల వేబ్రిడ్జి మీటర్ నుంచి బరువు చదివే సాఫ్ట్‌వేర్ రాసేటోళ్లకు ఇది బాగా పనికొస్తది. మీటర్ 12450 అని పంపుతది. పోర్ట్‌ను రెండు ప్రోగ్రాములు తెరిచి పెట్టినయంటే ఒకదానికి 12, ఇంకోదానికి 450 వస్తది, ఎందుకంటే వచ్చిన బైట్ ఎవరు ముందు చదివితే వాళ్లదే. బిల్లు మీద 450 కిలోల పత్తి లారీ పడితే మిల్లు సేటు మీటర్‌ను తిడతడు. పైసీరియల్ (పైథాన్‌ల సీరియల్ పోర్ట్ లైబ్రరీ) వాడితే సీరియల్ అని పోర్ట్ తెరిచేదగ్గర ఎక్స్‌క్లూజివ్=ట్రూ పెట్టండి, అది లోపల ఫ్లాక్ వేసేదే. రెండు ప్రోగ్రాములల్లా పెట్టాలె, ఒక్కదాంట్ల పెడితే రెండోది దస్తీ చూడనే చూడదు. కొన్ని పాత ప్రోగ్రాములు /వార్/లాక్ కింద ఎల్‌సీకే..టీటీవైయూఎస్‌బీ0 లాంటి పేరుతోని ఫైల్ పెడతయ్, అది వేరే పద్ధతి, ఫ్లాక్‌కూ దానికీ మాటల్లేవు.

ఒక ప్రత్యామ్నాయం ఉంది, టీఐఓసీఈఎక్స్‌సీఎల్ అనే ఐఓసీటీఎల్ (డివైస్‌కు నేరుగ ఆర్డర్ ఇచ్చే కాల్). అది అడ్వైజరీ కాదు, తర్వాత తెరిచేటోనికి డివైస్ బిజీ అని నిజంగనే తలుపు మూస్తది, రూట్‌కు తప్ప.

డిస్క్, పెన్‌డ్రైవ్: పార్టిషన్ టేబుల్ మార్చంగనే యూడెవ్ (డివైస్‌లను చూసుకునే సర్వీస్) వచ్చి డిస్క్‌ను చదువుతది, మీ పని సగంల ఉండంగ అది చదివితే "డివైస్ బిజీ" లాంటి అర్థం కాని ఎర్రర్లు వస్తయ్. యూడెవ్ చదివే ముందు డిస్క్ మీద షేర్డ్ లాక్ అడుగుతది, కాబట్టి మీరు ఈఎక్స్ పట్టుకుంటే అది ఆగుతది:

సుడో ఫ్లాక్ /డెవ్/ఎస్‌డీబీ ./ఫార్మాట్.ఎస్‌హెచ్

ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే (డిస్కుల లిస్ట్ చూపే కమాండ్) కొట్టి ఎస్‌డీబీ అనేది నిజంగ మీ పెన్‌డ్రైవేనా అని చూడండి, సైజు చూడండి, మళ్లోసారి చూడండి. లాక్ వెయ్యాల్సింది పూర్తి డిస్క్ మీద, ఎస్‌డీబీ1 లాంటి పార్టిషన్ మీద కాదు.

ఇంకా, ఎస్‌ఎఫ్‌డిస్క్ (పార్టిషన్ టేబుల్ మార్చే కమాండ్) లాంటి వాటికి సొంతంగా --లాక్ ఆప్షన్ ఉంది. బయట ఫ్లాక్ పెట్టి, లోపల --లాక్ కూడా పెడితే మీ లాక్‌ను మీరే ఎదురు చూస్తూ కూసుంటరు, ఎందుకంటే అది డిస్క్‌ను మళ్లా కొత్తగా తెరుస్తది, కెర్నల్ లెక్కల అది వేరే ఓనర్. రెండింట్ల ఒక్కటే వాడండి. మౌంట్ చేసుడును, డీడీ కొట్టుడును ఈ లాక్ ఆపదు.

కంటైనర్‌ల సొంతంగా ఇంకో డివైస్ నోడ్ చేసుకున్నరంటే అసలు డిస్క్ ఒకటే అయినా నోడ్ ఐనోడ్ వేరు, లాక్ కలవదు. మామూలు ఫైల్‌ను వాల్యూమ్‌గ లోపలికి ఇస్తే మాత్రం ఐనోడ్ అదే, కెర్నల్ అదే, లాక్ రెండు దిక్కులా పనిచేస్తది.

స్టెప్ 7: ఈవెంట్‌ఎఫ్‌డీ, ఎపోల్, మెమ్‌ఎఫ్‌డీ లాంటి ఎఫ్‌డీలు

ఇవి డిస్క్ మీద ఫైల్ లేకుండ కెర్నల్ నేరుగ ఇచ్చే ఎఫ్‌డీలు. "నా చేతిల ఎట్లాగూ ఎఫ్‌డీ ఉంది కదా, దాని మీదనే ఫ్లాక్ వేస్తే అయిపాయె, వేరే ఫైల్ ఎందుకు" అని కొందరు అడుగుతరు. తెలివైన ప్రశ్నే, గని వెయ్యకండి. కారణం ఉత్తగ చెప్పుడు ఎందుకు, పైథాన్‌ల చూడండి:

ఇంపోర్ట్ ఓఎస్, ఎఫ్‌సీఎన్‌టీఎల్
ఏ = ఓఎస్.ఈవెంట్‌ఎఫ్‌డీ(0)
బీ = ఓఎస్.ఈవెంట్‌ఎఫ్‌డీ(0)
ఎఫ్‌సీఎన్‌టీఎల్.ఫ్లాక్(ఏ, ఎఫ్‌సీఎన్‌టీఎల్.లాక్_ఈఎక్స్)
ఎఫ్‌సీఎన్‌టీఎల్.ఫ్లాక్(బీ, ఎఫ్‌సీఎన్‌టీఎల్.లాక్_ఈఎక్స్ | ఎఫ్‌సీఎన్‌టీఎల్.లాక్_ఎన్‌బీ)

రెండూ వేరేవేరే వస్తువులు, అయినా చివరి లైన్ బ్లాకింగ్‌ఐఓఎర్రర్ అంటది. ఓఎస్.ఎఫ్‌స్టాట్ పెట్టి రెండింటి ఐనోడ్ నంబర్ చూడండి, ఒకటే. ఈవెంట్‌ఎఫ్‌డీ, ఎపోల్, టైమర్‌ఎఫ్‌డీ లాంటివాటికి అన్నింటికీ కలిపి కెర్నల్‌ల ఒకటే అనానిమస్ ఐనోడ్ ఉంటది. మీరు మీ దానికి లాక్ వేసినా అనుకుంటరు, నిజానికి మెషీన్ మీద వేరేటోళ్ల ఎఫ్‌డీలకు కూడా వేసినట్టే. పిడ్‌ఎఫ్‌డీలు (ఒక ప్రాసెస్‌ను చూపే ఎఫ్‌డీలు) కూడా ఇట్లనే ఉండె, 6.9 కెర్నల్ నుంచి వాటికి సొంత ఐనోడ్ వచ్చింది.

మెమ్‌ఎఫ్‌డీకి (మెమరీలనే ఉండే ఫైల్) సొంత ఐనోడ్ ఉంటది, లాక్ వెయ్యొచ్చు. అయితే ఫోర్క్ చేసో, సాకెట్ మీద పంపో ఇంకో ప్రాసెస్‌కు ఇస్తే రెండు దిక్కులా ఒకటే ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్, కాబట్టి ఇద్దరికీ లాక్ దొరికినట్టే కనిపిస్తది. ఒకడు విప్పితే ఇద్దరికీ పోతది కూడా. తీసుకున్నోడు /ప్రాక్/సెల్ఫ్/ఎఫ్‌డీ/నంబర్ అనే దారిల మళ్లా ఓపెన్ చేసుకోని ఆ కొత్త ఎఫ్‌డీ మీద లాక్ అడగాలె. ఓ_పాత్‌తోని (చదువుడు, రాసుడు లేకుండ జాగా మాత్రమే చూపే ఫ్లాగ్) తెరిచిన ఎఫ్‌డీ మీద అయితే లాక్ అసలు పడనే పడదు.

స్టెప్ 8: పడ్డదా లేదా చూసుడు

లాక్ పట్టుకున్నప్పుడు ఎల్‌ఎస్‌లాక్స్ కొట్టండి. లేదంటే నేరుగ:

క్యాట్ /ప్రాక్/లాక్స్

లైన్ల వరుసగా రకం ఉంటది (ఫ్లాక్, పోసిక్స్, ఓఎఫ్‌డీఎల్‌సీకే), తర్వాత అడ్వైజరీ, రీడ్ లేదా రైట్, పిడ్ (ప్రాసెస్ నంబర్), ఆ తర్వాత డివైస్ నంబర్లతోని కలిపి ఐనోడ్. -> గుర్తున్న లైన్ అంటే ఎవరో ఎదురు చూస్తున్నరు. ఎల్‌ఎస్ -ఐ కొట్టి మీ లాక్ ఫైల్ ఐనోడ్ నంబర్ చూసి దీంతోని కలపండి. కలవలేదంటే ఎవరో ఫైల్‌ను డిలీట్ చేసి మళ్లా చేసిన్రు, మూడో స్టెప్‌కు పోండి.

పిడ్ కాలమ్‌ను మరీ నమ్మకండి. ఓఎఫ్‌డీ లాక్‌కు అక్కడ -1 ఉంటది. బాష్‌ల ఎఫ్‌డీ 9 పద్ధతిల అయితే అక్కడ కనిపించేది ఫ్లాక్ కమాండ్ పిడ్, అది లాక్ వేసి ఎప్పుడో వెళ్లిపోయింది, పట్టుకోని ఉన్నది మీ షెల్. పిడ్ వెతికితే దొరకలేదని కెర్నల్‌ల బగ్ ఉందనుకునేటోళ్లున్నరు. అసలు ఎవరి చేతిల ఉందో ఇట్ల తెలుస్తది:

ఫ్యూజర్ -వీ ~/తాళాలు/ధరలు.లాక్

ఇది ఫైల్‌ను తెరిచి ఉన్నోళ్లందరినీ చూపిస్తది, మూడో స్టెప్‌ల చెప్పిన మర్చిపోయిన బ్యాక్‌గ్రౌండ్ పిల్ల ప్రాసెస్‌తో సహా.

చివరి టెస్ట్, కిల్ -9. పిడ్ ఫైల్ పద్ధతిల ప్రోగ్రాం సడన్‌గ చస్తే పాత ఫైల్ మిగిలి రేపు అడ్డం పడతది, ఫ్లాక్‌ల ఆ బాధ లేదు, ప్రాసెస్ ఎట్ల చచ్చినా కెర్నల్ ఎఫ్‌డీలు మూస్తది. అయితే ఒక్క లైన్ పద్ధతిల ఎవరిని చంపుతున్నరో చూసుకోండి. మొదటి టెర్మినల్‌ల స్లీప్ 600తోని మళ్లా లాక్ పెట్టి, రెండోదాంట్ల నుంచి ఫ్లాక్ ప్రాసెస్‌ను మాత్రమే కిల్ -9 చెయ్యండి. స్లీప్ బతికే ఉంటది, ఎఫ్‌డీ దాని దగ్గర కూడా ఉంది కాబట్టి లాక్ ఇంకా పడే ఉంటది. ఇప్పుడు స్లీప్‌ను కూడా చంపి, అదే టెస్ట్ --క్లోజ్ పెట్టి చెయ్యండి. ఈసారి ఫ్లాక్ చావంగనే లాక్ పోతది, స్లీప్ మాత్రం నడుస్తనే ఉంటది, అంటే మీ అసలు స్క్రిప్ట్ లాక్ లేకుండ నడుస్తున్నట్టు, రెండో కాపీ దూరుతది. ధరల స్క్రిప్ట్ లాంటి దానికి --క్లోజ్ లేకుండనే మంచిది. లోపల నుంచి డీమన్లను లేపే స్క్రిప్ట్ అయితే --క్లోజ్ కంటే 9>&- పద్ధతే పెట్టండి.